ఒక్క లీటరుతో ధర్మవరం

ఆ రోజుల్లో బండి ఉన్నవాడు ఎదురుపడితే "బాగుండావా" అని అడిగేవాళ్లు తగ్గిపోయి, "ఎంతిస్తాది?" అని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు. అడిగేది జీతం గురించి కాదు, చేను గురించీ కాదు. బండి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని. దానికి నేను చెప్పే జవాబు హిందూపురం టీ అంగళ్లన్నిటికీ కంఠతా వచ్చు. "ఒక్క లీటరు పోసుకుని హిందూపురంలో కిక్కు కొడితే, పెనుకొండ మీదుగా పోయి ధర్మవరంలో మా అక్క వాకిట్లోనే కాలు కింద పెడతా. దిగినాక టాంకీ ఊపి చూస్తే ఇంకా గలగలమంటాది." ఈ మాట నేను పెళ్లి పంక్తుల్లో చెప్పాను, బస్టాండుల్లో చెప్పాను, చివరికి కంటి ఆపరేషను బల్ల మీద పడుకుని కూడా చెప్పాను. (డాక్టరు కదలొద్దని కసిరాడు. ధర్మవరం చేరేదాకా కదిలి, ఆ తర్వాత మానుకున్నాను.) ఆ గలగల ఒకటి ఇప్పుడే వెనక్కి తీసుకుంటున్నాను. గలగల లేదు. మిగిలింది కూడా నిదానంగా తీసుకుంటాను, తొందరపెట్టకండి.

నేనప్పుడు హిందూపురంలో ఒక శెట్టిగారి పట్టునూలు అంగట్లో పనిచేసేవాణ్ణి. నూలు కట్టలు ధర్మవరం మగ్గాల ఇళ్లకు చేరవేయడం నా పని. మా ఊరు పెనుకొండ పక్కన, ఎర్రమంచి దిక్కున. ఇప్పుడక్కడ కార్లు తయారవుతున్నాయి. అప్పుడు చెనక్కాయలు తప్ప ఏమీ తయారయ్యేది కాదు, అదీ వాన దయ తలిస్తే. ఇంట్లో నేనూ మా నాయనా ఇద్దరమే. అమ్మ ఎప్పుడో పోయింది. అక్క ధర్మవరంలో ఉండేది. మా బావకు అక్కడ టెంకాయల అంగడి. ఊరి నుంచి హిందూపురానికి రోజూ పోయి రావడానికి నేనొక సెకండ్ హ్యాండు నూరు సీసీ బండి కొన్నాను. కొన్న వారానికే నాకు మైలేజీ పిచ్చి పట్టుకుంది. దానికి కారణం మా అంగట్లోనే పనిచేసే ఇంకొకాయన. ఎవరు ఎప్పుడు అడిగినా, ఎదురుగాలి ఉన్నా, టైరులో గాలి లేకపోయినా, తన బండి ఎనభై ఇస్తుందనేవాడు. అందరూ ఆయన్ను ఎనభై అప్ప అనే పిలిచేవాళ్లం. ఆయన నోరు మూయించడమే ఆ వయసులో నా జీవితాశయం.

దానికోసం నేను చేయని పని లేదు. బరువు తగ్గాలని అద్దాలు రెండూ ఊడదీశాను. ఆడవాళ్ల చీర చక్రంలో పడకుండా ఉండే జాలీ ఊడదీశాను, పెళ్లి కాలేదు గనక జాలీతో పనేముందని. గాలి తగలకుండా హ్యాండిల్ మీదికి వంగి, గడ్డం మీటరుకు ఆనించి తోలేవాణ్ణి. పల్లం వచ్చిందంటే తాళం తిప్పి ఇంజన్ ఆపేసి జారిపోయేవాణ్ణి. చప్పుడు లేని బండి ఎంత ప్రమాదమో ఒకరోజు గొర్రెల మందే నేర్పింది. నేను వచ్చేది వాటికి వినపడలేదు, అవి జరగవని నాకు తట్టలేదు. మంద నడిబొడ్డున పడ్డాను. గొర్రెల కాపరి నన్ను లేపలేదు, ముందు గొర్రెల్ని లెక్కపెట్టుకున్నాడు. ఆ తర్వాత, "సద్దు లేకుండా దయ్యం మాదిరి వస్తాండావే, హారనన్నా కొట్టకూడదేమప్పా?" అన్నాడు. హారన్ కొడితే బ్యాటరీ దిగుతుంది, బ్యాటరీ నింపాలంటే ఇంజన్ కష్టపడాలి, ఇంజన్ కష్టపడితే పెట్రోలు అని ఆయనకు దుమ్ములో కూర్చునే వివరించాను. ఆయన నా తల తడిమి చూశాడు, దెబ్బ తగిలిందేమోనని.

ఇంత చేసినా బండి ఎంత ఇచ్చేదో ఇప్పుడు దాచడం దేనికి? అరవై. గాలి వెనక నుంచి తోసిన రోజున ఇంకొకటో రెండో. హిందూపురం నుంచి ధర్మవరానికేమో ఎనభై కిలోమీటర్లు.

అరవైకి మించి రాకపోవడానికి కారణం నా పొద్దుటి పూజే కావచ్చు. ఇంజన్లో ఆయిలు రాత్రంతా అడుక్కు దిగి ఉంటుంది, అది పైకెక్కి అన్ని మూలలూ తడిసిన తర్వాతే బండి తోలాలని మా మెకానిక్ భాయ్ చెప్పాడు. ఆయన చెప్పింది అర నిమిషం. నేను దాన్ని సాగదీశాను. చోక్ లాగి, స్టాండు మీద బండిని గుడగుడలాడించి, లోపలికి పోయి నీళ్లు పోసుకుని, సంగటి ముద్ద తిని, తల దువ్వుకుని వచ్చేదాకా అది కాగుతూనే ఉండేది. పొగంతా వసారాలోకి. ఆ వసారాలో కంబళి కప్పుకుని నాయన. అప్పటికే ఆయనకు దగ్గు, ఆయాసం. ఒకరోజు దగ్గు మధ్యలో అడిగాడు:

"అబ్బోడా, యాడికీ పోకుండానే ఇది తాగుతాండాది కదరా?"

"నీకు తెల్దులే నాయనా. ఇది ఎద్దు కాదు, ఇంజను. కాగల్ల."

"సరేలేబ్బా," అన్నాడు. కంబళి ముక్కు మీదికి లాక్కున్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇంజన్ గురించి మా నాయనకు ఒక పాఠం చెప్పినందుకు నేను ఆ పూట రెట్టింపు హుషారుగా అంగడికి పోయాను.

ఆయాసం ఎక్కువైనాక ఆయన్ను ధర్మవరంలో ఒక డాక్టరుకు చూపించడం మొదలుపెట్టాం. నెలకొకసారి వెనక కూర్చోబెట్టుకుని పోయేవాణ్ణి. డాక్టరు ఛాతీ విని, మందులు రాసి, "పెద్దాయన్ను అలుపు రానీయొద్దు" అని నాతో చెప్పేవాడు. నేను తల ఊపేవాణ్ణి. మొదటిసారి మామూలుగానే పోయి వచ్చాం. రెండోసారి, పెనుకొండ దాటినాక గుట్టల నడుమ ఒక మిట్ట వస్తుంది, ఆ మిట్ట మొదట్లో నాయన నా భుజం తట్టాడు.

"నిలుపబ్బా, దిగుతా."

"యాల నాయనా? కడుపులో ఏమన్నా తిప్పుతాండాదా?"

"ఏం ల్యా. పాపం, మిట్ట కదా. నువ్వు పోయి పైన నిలుచుకో. నేను నడ్సుకుంటా వస్తా."

నేను పైకి పోయి, ఇంజన్ ఆపి, నిలబడి చూస్తూ ఉంటే ఆయన కింది నుంచి వచ్చాడు. నాలుగు అడుగులు వేసి మోకాళ్ల మీద చేతులు పెట్టుకునేవాడు. మళ్లీ నాలుగు అడుగులు. పైకి చేరి బండి సీటు పట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి కుదిరినాక అన్నాడు: "ఎద్దులనయినా మిట్టకాడ బండి దిగి నడిపిస్తాం కదరా. దీనికి మాత్రం పానం లేదా?"

నవ్వాపుకోలేకపోయాను. మరుసటి రోజు అంగట్లో ఈ కథ చెబితే శెట్టిగారు నూలు తూకం వదిలేసి నవ్వారు. "మీ నాయన బండికి ఉలవలు నానబెట్టలేదా?" అని ఎనభై అప్ప అడిగాడు. లేదు గానీ ఇంజన్ మీద తడిగోనె కప్పుతాడని, సాయంత్రమైతే టాంకీ నిమురుతాడని నేను కల్పించి చెప్పాను. (కప్పలేదు. నిమరలేదు.) ఇంటికి పోయి నాయనకూ చెప్పాను, అంగట్లో నిన్ను తలుచుకుని ఎంత నవ్వారో అని. ఆయనా నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది, నీళ్లు తెచ్చి తాగించాను.

ఆ తర్వాత ప్రతిసారీ ఆ మిట్ట దగ్గర నా భుజం మీద చెయ్యి పడేది. ఆయాసం మనిషిని ఎందుకు నడవనిచ్చావని మీరు అడుగుతారు. వద్దు నాయనా, కూర్చో అని నేను ఎన్నిసార్లో చెప్పాను. (ఒకసారి చెప్పాను. గట్టిగా చెప్పలేదు.) ఇద్దరం ఎక్కినా నా బండి మైలేజీ తగ్గడం లేదని అంగట్లో గొప్పగా చెప్పుకుంటూ ఉన్నాను కూడా.

చలి ముదిరినాక డాక్టరు దగ్గర్లో ఉంటే మేలని నాయన్ను అక్క ఇంట్లోనే ఉంచాం. నాకు తీరిక దొరికింది, పిచ్చి ముదిరింది. తేల్చుకుందాం రమ్మని ఎనభై అప్పతో పందెం వేసుకున్నాను. ఇద్దరి టాంకీలూ అడుగంటా ఒంపేసి, సీసాతో కొలిచి చెరొక లీటరు పోసుకోవాలి. ఎవరి బండి ఎక్కడ నిలిచిపోతే అదే లెక్క. ఒక పొద్దున అంగడి ముందు భాయ్ చేత టాంకీలు ఒంపించి, లీటరు లీటరు పోయించుకుని, టీ తాగి బయలుదేరదామని కూర్చున్నాం. అంతలో అంగట్లో ఫోను మోగింది. శెట్టిగారు ఎత్తి, విని, నాకిచ్చారు. అవతల బావ.

"మామకు బాగలేదప్పా. ఉన్నపళంగా రా."

బండిని కాగనివ్వలేదు. చోక్ లాగానో లేదో కూడా గుర్తులేదు. ఎక్కిందే తడవుగా ఉరికించాను. పల్లాల్లో ఇంజన్ ఆపలేదు, హ్యాండిల్ మీదికి వంగలేదు. దారిలో పెట్రోలు బంకు కనిపించింది. టాంకీలో ఉన్నది లీటరేనన్న సంగతి మాత్రం తట్టలేదు. లీటరు చుక్క చుక్క లెక్కపెట్టినవాణ్ణి, లెక్క అవసరమైన ఒక్క రోజున లెక్క మరిచిపోయాను. పెనుకొండ దాటింది. మిట్ట మొదలైంది. బండి రెండుసార్లు దగ్గి నిలిచిపోయింది. రిజర్వు తిప్పాను. రిజర్వులో ఏముంటుంది? ఒంపించింది నేనే.

ఆ మిట్ట ఎంత పొడుగో నాకు అప్పుడు తెలిసింది. బండి పైనుంచి చూస్తే అది మిట్టే కాదు. తోసుకుంటూ పోతుంటే సగంలో నేనూ నిలబడ్డాను, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. నాకప్పుడు ఇరవై ఏళ్లు దాటి కొన్నేళ్లే. పైకి చేరేసరికి గుడ్డలన్నీ తడిసి ముద్దయ్యాయి. అవతలి పల్లంలో జారగలిగినంత దూరం జారి, మళ్లీ దిగి తోస్తూ ఉంటే, బుక్కపట్నం చెరువు చేపలు బుట్టలో పెట్టుకుని మోపెడ్ మీద ఒకాయన ఎదురొచ్చాడు. సంగతి విని, గొట్టం ఊడదీసి, తన టాంకీలోంచి ఒక సీసాడు పట్టిచ్చాడు.

"ఇంత బండి పెట్టుకోని ఇంత పెట్రోలు పోసుకోల్యాకపోతివే అప్పా! పో, పో, మీ నాయన చూస్తాంటాడు," అన్నాడు. సీసాకంతా చేపల వాసన. ఆ వాసనతోనే ధర్మవరం చేరాను.

నాయన మంచం మీద ఉన్నాడు. ఊపిరి లాగుతోంది. అక్క తల దగ్గర కూర్చుని ఉంది. నేను మంచం పట్టె మీద చెయ్యి వేస్తే కళ్లు తెరిచాడు. పెదాలు కదిలాయి. వంగి చెవి పెట్టాను. ఇంటి గురించి అడుగుతాడనుకున్నాను, చేను గురించి అడుగుతాడనుకున్నాను.

"ఎంతిచ్చిందబ్బా?" అన్నాడు.

"ఎనభై నాయనా. ఒక్క లీటరుతో హిందూపురం నుంచి ఈడిదాకా వచ్చేసినా."

"మంచిది," అన్నాడు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. మరుసటి రోజు పోయాడు.

ఎనభై అప్ప తర్వాత అడిగాడు, ఎంతిచ్చిందని. ఆయనకూ ఎనభై అనే చెప్పాను. నాయనకు ఒకటి చెప్పి, ఊరికి ఇంకొకటి చెప్పలేను కదా. అప్పటి నుంచి అడిగినవాడికీ, అడగనివాడికీ అదే చెబుతూ వచ్చాను. ఇప్పుడు మా వీధి పిల్లలు కరెంటు బండ్ల మీద తిరుగుతున్నారు. పొగ లేదు, చోక్ లేదు, కాగనివ్వడం లేదు. ఎవరైనా ఆగితే నోరు ఊరుకోక "ఎంతిస్తాది?" అని అడుగుతాను. వాళ్లేదో చెబుతారు. ఎంత చెప్పినా నా ఎనభై ముందు అదెంత అన్నట్టు గడ్డం ఎగరేస్తాను. మీటరుకు ఆనించి ఆనించి అరిగిన గడ్డం ఇది. అది ఎగిరినప్పుడల్లా నాకే నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.

ఇదంతా రాసి, అచ్చుకు పంపే ముందు ధర్మవరం పోయి అక్కకు చదివి వినిపించాను. అక్కకు ఇప్పుడు చూపు ఆనదు గానీ చెవులు బాగా పనిచేస్తాయి. వసారాలో చెనక్కాయలు వలుస్తూ వింది. గొర్రెల దగ్గర నవ్వింది. నాయన బండిని ఎద్దనుకున్నాడన్న దగ్గర వలవడం ఆపింది. ఆఖరిదాకా ఆగి, అప్పుడంది:

"అంతా బాగా రాసినావు గానీ, ఆ ఎద్దు కత తీసెయ్. ఇరవై ఏండ్లు బాయికాడ ఆయిల్ ఇంజన్ని ఇప్పి బిగించిన మనిషిరా నాయన. ఇంజనంటే ఏందో నీకంటే ముందే తెల్సు ఆయనకు. మొదటిసారి నా ఇంటికి పిల్చుకోని వచ్చినప్పుడు, అన్నం ముందర కూర్చోని ఏమంటివి నువ్వు? 'నాయన ఎక్కితే యాభై గూడా ఇయ్యలేదక్కా' అని మొగం మాడ్చుకోలేదా? పక్కన గోడకానుకోని ఇన్యాడు ఆయన. నడ్సొద్దు నాయనా అని నేను ఎన్నిసార్లు చెప్పినా, 'వానికి తక్కువైతాదే పాపా' అనేవాడు. ఎద్దు మీద జాలి కాదు, గిద్దు మీద జాలి కాదు. నీ మైలేజీ కోసం నడ్సినాడు రా."