ఉదయగిరిలో కాస్త ఎక్కువ లాగే భూమి

ఊరంతా రాసే ఒప్పు అంకెను కాదని, తప్పో ఒప్పో తనకే తెలియని అంకెను పట్టుకుని ఒక పిల్ల ఎందుకు భీష్మించుకు కూచుంటుంది? పెంచలప్రసాద్‌కు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఇది రాస్తున్న చేతికీ అంతుపట్టలేదు.

పెంచలప్రసాద్ ఉదయగిరిలో కొండ కింద ఒక చిన్న జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. ఇంటర్ రెండేళ్లూ పిల్లలు ఆయన చేతికింద ఉంటారు. తర్వాత బస్సెక్కి ఎవరి దారిన వాళ్లు పోతారు. ఆ రెండేళ్లలో అందరూ చేసి తీరాల్సింది లోలకం ప్రయోగం. దారానికి గుండు కట్టి ఊపి, దారం పొడవూ ఊగే కాలమూ కొలిచి, భూమి ఎంత గట్టిగా లాగుతుందో లెక్కగట్టాలి. పుస్తకంలో జవాబు తొమ్మిదివందల ఎనభై. పిల్లలు ముందు జవాబు రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి నడుచుకుంటూ కొలతలు పుట్టిస్తారు. మరీ నికరంగా వస్తే అనుమానం వస్తుందని ఒకడు ఒకటి తగ్గిస్తాడు, ఇంకొకడు ఒకటి కలుపుతాడు. పాపం ఆ గుండు ఊగిందీ లేనిదీ ఎవరికీ పట్టదు.

మల్లీశ్వరికి మాత్రం వెయ్యి పది వచ్చింది. మళ్లీ చేసినా వెయ్యి దాటింది.

“ఏంది మల్లీశ్వరీ, మన ఊళ్లో భూమికి అంత బలమా?” అన్నాడు పెంచలప్రసాద్. “కొండ పక్కనే ఉండాది గదా, అదీ ఒక చెయ్యి వేసినట్టుండాదే!”

క్లాసంతా నవ్వింది. ఆమె కిటికీలోంచి కొండను ఎగాదిగా చూసి, “కొండ లాగితే పక్కకి లాగాల గానీ కిందికెట్ట లాగతాది సార్?” అంది.

“సరేలేమ్మా, ఎనభై వేసుకో. ప్రాక్టికల్స్‌కి ముప్పై మార్కులు. తిరపతి సీటు కావాల్నా, వద్దా?”

“కావాల సార్. కానీ నాకొచ్చింది వెయ్యి పది గదా.”

తిరుపతిలో బీఎస్సీ ఫిజిక్స్ సీటంటే ఆమెకు ప్రాణం. ఇంటర్ మార్కుల మీదే ఇస్తారు. అది రాకపోతే అవ్వ అలివేలమ్మతో ఆత్మకూరులో చేపల గంప దగ్గర కూచోవాల్సిందేనని సోమశిలలో ఇంట్లోవాళ్లు తేల్చేశారు. ఆ పట్టుదల ఆ గంప దగ్గర అబ్బిందే కాబోలు. “ముల్లు యాడ నిలిస్తే అదే తూకం అంటాది మా అవ్వ. మనం అనుకున్నకాడ నిలవదంట” అని ఒకసారి చెప్పింది.

ప్రాక్టికల్స్‌కు ఆత్మకూరు నుంచి వరప్రసాదం సారు ఎగ్జామినరుగా వచ్చాడు. ఆయనా ఈ కాలేజీ పాత విద్యార్థే. మల్లీశ్వరి కాగితం చూసి కళ్లజోడు సవరించుకున్నాడు.

“ఏందమ్మా ఇది? నేనూ ఈ గదిలోనే చేసినాను, ఈ గుండుతోనే. నాకు ఎనభై వచ్చిందే!”

“నాకు రాలేదు సార్.”

ఆయన చొక్కా చేతులు మడిచి తానే దిగాడు. వెయ్యి ఎనిమిది వచ్చింది. గాలికి దారం కదులుతోందని ఫ్యాను ఆపించాడు. ఈసారి వెయ్యి పదకొండు వచ్చింది, దాంతోపాటు చెమటా వచ్చింది. అప్పుడు మల్లీశ్వరి కొయ్య స్కేలు చేతిలోకి తీసుకుని, కొస దగ్గర వేలు ఆనించి చూసింది.

“సార్, దీనికి ఒకటీ రెండూ లేవు.”

అటెండరు కామయ్య ముందుకొచ్చాడు. “పిల్లోళ్ల చేతులకు పేళ్లు గుచ్చుకుంటా ఉంటే, విరిగిన కొస నేనే నున్నగా కోసినాను సార్.”

కొస పోయి ప్రతి పొడవునూ రెండు సెంటీమీటర్లు ఎక్కువ చూపించే కర్రతో అందరికీ ఎనభై ఎలా వచ్చిందో ఎవరూ ఎవర్నీ అడగలేదు. పెంచలప్రసాద్ అతిథి మర్యాద కాపాడబోయాడు. “సారు చదివేనాటికి బాగానే ఉండిందిలే.”

“లేదు సార్,” అన్నాడు కామయ్య అమాయకంగా, “ఈ సారు చేరకముందే కోసినా.”

వరప్రసాదం సారు ఫ్యాను మళ్లీ వేయించాడు. చివరికి మిగతా అందరికీ ముప్పై వేశాడు. మల్లీశ్వరికి ఇరవై ఎనిమిది.

“కొలిచే ముందు కొలిచే కర్రను చూసుకోవాల గదమ్మా.”

“అవును సార్, చూసుకోవాల,” అంది ఆమె, ఏదో బహుమతి అందుకున్నట్టు.

పెంచలప్రసాద్‌కే నిద్ర పట్టలేదు. ఆ రెండు మార్కులతో సీటు జారిపోతే? సెలవులంతా ఫోన్లో తిరుపతి సీట్ల జాబితా వెతికాడు. చివరికి తోక దగ్గర మల్లీశ్వరి పేరు కనబడింది. వీడ్కోలుకు ఒక హాస్యం సిద్ధం చేసుకున్నాడు: “తిరపతిలో ఏడు కొండలుండాయి, అక్కడ ఎంత లాగతాదో ఫోన్ చేసి చెప్పు.”

ఒకరోజు కొత్త పిల్లలకు పాఠం చెప్పి బయటికి రాగానే కామయ్య ఎదురయ్యాడు.

“మల్లీశ్వరి టీసీ తీసకపోయింది సార్.”

“నా కోసం అడగలా?”

“లేదు. స్కేలు కొత్తది కొన్నారా అని అడిగింది. ఇంకా లేదన్నా. నవ్వింది.”

పెంచలప్రసాద్ గేటు దాకా పరుగులాంటి నడక నడిచాడు. ఆత్మకూరు బస్సు అప్పుడే కదిలింది. కిటికీ పక్క సీట్లో మల్లీశ్వరి కూచుని ఉంది. ఒళ్లో సంచి, చూపు కొండ మీద. ఆయన చెయ్యెత్తాడు. బస్సు మలుపు తిరిగి, లాగేవాళ్లెవరూ లేనట్టే హాయిగా పోయింది.