వెనిగరమ్మ

మా అమ్మని తను పనిచేసే ఫ్లాట్లలో అందరూ వెనిగరమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది మూడో అంతస్తులో ఉండే బ్యాంకు మేడమ్. మొదట చాటుగా అనేది, తర్వాత ఎదురుగానే పిలవడం మొదలుపెట్టింది. ఆ సంగతి తెలిసి నేను ఒంటికాలి మీద లేచాను గానీ, అమ్మ నవ్వి ఊరుకుంది.

అమ్మ ఐదిళ్లు శుభ్రం చేస్తుంది. సంచిలో ఓ వెనిగర్ సీసా, వంటసోడా డబ్బా, నాలుగు నిమ్మకాయలు, కాస్త రాళ్ల ఉప్పు, పాత పేపర్లు. అంతే సరంజామా. పొయ్యి చుట్టూ పట్టిన జిడ్డుకి సోడా ముద్దగా కలిపి పట్టించి, పావుగంట ఆగి తుడుస్తుంది. కుళాయిల మీద తెల్లటి పొర కడితే వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి వదిలేస్తుంది. కూరగాయలు తరిగే చెక్క మీద ఉప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్దుతుంది. పాలరాతి గట్టు మీద మాత్రం వెనిగర్ చుక్క పడనివ్వదు, రాయి మెరుపు పోతుందని. అమ్మ మరక వదిలిస్తుంటే చూడాలి. ఆ మరకతో ఆవిడకేవో పాత కక్షలున్నట్టే ఉంటుంది.

ఇంత చేసినా బ్యాంకు మేడమ్‌కి తృప్తి ఉండేది కాదు.

"అంతా బాగానే ఉంది గానీ, కడిగిన వాసనే రావట్లేదు" అనేది.

"శుభ్రానికి వాసన ఉండదమ్మా" అనేది అమ్మ.

మేడమ్‌కి తెలియనిదేమిటంటే, అమ్మకి ఆరేళ్లుగా ఏ వాసనా తెలియదు.

అప్పట్లో అమ్మ ఒక పెద్ద ఆఫీసులో బాత్రూములు కడిగేది. ఆ రోజు నాకు పురిటి నొప్పులు మొదలయ్యాయని కబురు వెళ్లేసరికి ఇంకా రెండు బాత్రూములు మిగిలాయి. పని మధ్యలో వదిలేసి రావడం ఆవిడకి చేతకాదు. బ్లీచింగ్ పోసి, కడిగి, తర్వాత యాసిడ్ పోయాలి. రెండూ కలిపి పోస్తే త్వరగా తెమిలిపోతుందని బ్లీచింగ్ నీళ్ల మీద యాసిడ్ పోసేసింది. తలుపు మూసి ఉంది, లేచిన విషపు పొగ గదంతా కమ్మేసింది. బయట ఫైళ్లు సర్దుతున్న మనిషి ఎవరో దగ్గు విని, వచ్చి బయటికి లాగాడు. నా కూతురు ఆసుపత్రి రెండో అంతస్తులో పుట్టినప్పుడు, అమ్మ అదే ఆసుపత్రి కింది అంతస్తులో ఆక్సిజన్ పెట్టుకుని ఉంది. నా నొప్పుల కబురు ఓ గంట ఆలస్యంగా వెళ్లి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

ఊపిరితిత్తులు బాగుపడ్డాయి. ముక్కు బాగుపడలేదు. "వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు.

అమ్మ కోలుకున్నాక పాపని తెచ్చి ఒళ్లో పెట్టాను. వంగి, దాని మాడు మీద ముక్కు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. చిన్నప్పుడు మా గురించి వందసార్లు చెప్పేది. నా తలకి ఎండలో ఆరిన గుడ్డ వాసనట, తమ్ముడి తలకి మీగడ వాసనట, కళ్లు మూసుకుని ఎవరిదేదో చెప్పేసేదట. అమ్మ తలెత్తి నన్నడిగింది.

"దీనిది ఎలా ఉందే?"

నేనూ వాసన చూశాను. ఎలా చెప్పాలో తెలియక, "పాల వాసనమ్మా" అన్నాను.

"అది అందరు పిల్లలకీ ఉంటుందిగా" అంది అమ్మ.

ఇంటికి రాగానే కడగడానికి వాడే రంగురంగుల మందుల సీసాలన్నీ బయటికి పోయాయి. వాటి బదులు తెచ్చిన వెనిగర్ మూత తీయగానే అమ్మ ముక్కు చుర్రుమంది. "వచ్చిందే, వచ్చింది" అంటూ నన్ను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన పరీక్ష చేసి, అది వాసన కాదు, ఘాటని చెప్పాడు. ఘాటు తెలిసే నరం వేరట. అయినా రోజూ పొద్దున్నే సీసా మూత తీసి ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది.

"ఇదొక్కటైనా నన్ను పలకరిస్తోంది కదే" అంటుంది.

పని నుంచి వచ్చి చేతులు కడుక్కోగానే పాప పరుగెత్తుకెళ్లి తల వంచుతుంది. అమ్మ వాసన చూస్తుంది.

"వచ్చిందా అమ్మమ్మా?"

"ఇంకా రాలేదు తల్లీ. రేపు చూద్దాం."

పాపకి మాటలు వచ్చినప్పటి నుంచీ ఇదే తంతు. ఒకరోజు విసిగిపోయి, "చిన్నపిల్లకి లేనిపోని ఆశ ఎందుకు పెడతావమ్మా?" అన్నాను.

"దానికి కాదే, నాకే పెట్టుకుంటున్నా" అంది.

మొన్న శనివారం పొద్దున పాప నా వెనకే తిరుగుతూ, అమ్మమ్మ ఆ సీసా ఎందుకు వాసన చూస్తుందని అడిగింది. నా హడావిడిలో నేను, "అమ్మమ్మ ముక్కుకి తెలిసేది అదొక్కటే" అని చెప్పి వదిలించుకున్నాను.

సాయంత్రం అమ్మ వచ్చి చేతులు కడుక్కుంది. పాప బాత్రూములోంచి వచ్చింది. జుట్టంతా తడిసి, చుక్కలు గౌను మీద కారుతున్నాయి. కళ్లు గట్టిగా మూసుకుని గోడ పట్టుకుని నడుస్తోంది. ఇల్లంతా వెనిగర్ కంపు. తిట్టడానికి నోరు తెరిచానో లేదో, అది తడుముకుంటూ వెళ్లి అమ్మ ముందు తల వంచింది.

"ఇప్పుడు చూడు అమ్మమ్మా."

అమ్మ వంగి గట్టిగా పీల్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వచ్చింది" అంది.

"నా వాసనేనా?"

"నీదే తల్లీ."

పాపని కుళాయి దగ్గర కూర్చోబెట్టి, నుదుటికి చెయ్యి అడ్డుపెట్టి, కళ్లలోకి కారకుండా మగ్గు తర్వాత మగ్గు నీళ్లు పోసి కడిగింది. పొడి తువ్వాలుతో తల తుడిచి నన్ను పిలిచింది.

"నువ్వు చూసి చెప్పవే. పోయిందా?"

నేను వంగి వాసన చూశాను.

"పోలేదమ్మా" అన్నాను.

అమ్మ తువ్వాలు పక్కన పెట్టి, మళ్లీ ముక్కు ఆనించింది.