వీణకి వడదెబ్బ

విజయ్ పాల్ గారికి ఉన్న జబ్బు ఒక్కటే. లోకంలో ఉన్న వీణలన్నిటికీ ఏదో ఒక జబ్బు ఉందని ఆయన గట్టి నమ్మకం.

అందులో ఆయన తప్పేమీ లేదు. మిషన్ ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు కాంపౌండరుగా చేసి, రిటైరయ్యాక తండ్రిగారి వడ్రంగం షెడ్డులో వీణలు బాగుచెయ్యడం మొదలుపెట్టారు. ఉద్యోగం వదిలింది గాని ఆసుపత్రి వదల్లేదు. తణుకు కాలవ గట్టు మీద ఆ రేకుల షెడ్డులోకి వీణ వచ్చిందంటే అది పేషెంటు. దాన్ని పడుకోబెట్టే బల్ల బెడ్డు. దుమ్ము దులిపితే డ్రెస్సింగు, తీగ బిగించే బిరడ మారిస్తే ఆపరేషను. తలుపు మీద సుద్దముక్కతో ఇలా రాసి ఉంటుంది: "విజిటింగ్ అవర్సు సాయంత్రం 4 నుంచి 5. చెప్పులు బయట. ఏడుపులు కూడా బయటే."

చాలా ఏళ్ళు ఆ ఆసుపత్రికి ఏడాదికి నలుగురు పేషెంట్లు వస్తే గొప్ప. అలాంటిది, ఆరెంజు రంగు జుట్టున్న ఓ పాప్ సింగరు తన కొత్త పాటలో వీణని గిటారులా భుజానికి తగిలించుకుని, గెంతుతూ ముప్పై సెకన్లు వాయించింది. నెల తిరిగేసరికి గోదావరి జిల్లాల్లో అటకల మీదున్న వీణలన్నీ కిందికి దిగాయి. అమ్మమ్మల నాటివి, షోకేసులో బొమ్మల పక్కన నిలబెట్టినవి, ఎలకలు కాపురం పెట్టినవి, అన్నీ. సంగీతం టీచర్లు టోకెన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. "సరస్వతీదేవి చేతిలో వస్తువుతో ఆ కుప్పిగంతులేంటి?" అని పెద్దలు మండిపడ్డారు. విజయ్ పాల్ గారు మాత్రం ఆ అమ్మాయి ఫోటో కత్తిరించి షెడ్డు గోడకి అంటించి, కింద "మా అంబులెన్సు" అని రాసుకున్నారు.

దుర్గాప్రసాదరాజుగారి వీణ ఏప్రిల్లో ఆ అంబులెన్సులోనే వచ్చింది.

రాజుగారికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులు. ఆయన ఒక్కగానొక్క కూతురు శ్రీసత్య ఇంజనీరింగు చదువుతూ వీణ కావాలంది. కొన్నారు. నిలబడి వాయిస్తానంది. దానికి బెల్టు కావాలి, బెల్టుకి కొక్కెం కావాలి. రాజుగారికి తెలిసిన ఇంజనీరింగంతా చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్లది. అందుకని ఏరేటరు మెకానిక్కు చిట్టియ్యని పిలిచారు. చిట్టియ్య డ్రిల్లింగు మిషను తెచ్చి, వీణ కుండకి రెండు బొక్కలు పెట్టి, బోల్టులు బిగించి, "పది హెచ్‌పీ మోటారైనా వేలాడదీయొచ్చండి" అని భరోసా ఇచ్చాడు. ఆ మర్నాడు రాజుగారు వీణని కారు వెనక సీటులో మరిచిపోయి, మిట్టమధ్యాహ్నం చెరువు గట్టున బండి పెట్టి, రొయ్యలకి మేత సరిపోతోందో లేదో చూడ్డానికి వెళ్ళారు.

"పేషెంటు తాలూకు ఎవరండీ?" అన్నారు విజయ్ పాల్ గారు, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి.

"నేనేనండి. దుర్గాప్రసాదరాజు."

"ఏమవుతారు?"

"ఏమవుతానండి... కొన్నవాణ్ణి."

"గార్డియను" అని పుస్తకంలో రాసుకుని, ఆయన వీణ కుండకి చెవి ఆనించి వేళ్ళతో తట్టారు. "ఊపిరి తీసుకోమ్మా" అన్నారు. రాజుగారు తెలియకుండానే తనూ ఓసారి ఊపిరి తీసుకున్నారు.

"వడదెబ్బండి. మైనం కరిగిపోయి మెట్లన్నీ జారిపోయాయి. ఎక్కడ ఉంచారు?"

"కార్లోనండి."

"అద్దాలు?"

"ఎక్కించే ఉన్నాయండి."

"చంటిపిల్లని అలా వదిలేసి వెళ్తారటండీ ఎవరన్నా?"

రాజుగారు తల వంచుకున్నారు. వంద ఎకరాల చెరువు చేసే మనిషి తల అలా వంచుకోవడం ఆయన పెళ్ళినాటి తర్వాత అదే మొదలు. అప్పుడు విజయ్ పాల్ గారి కంటికి బోల్టులు కనిపించాయి.

"కడుపులో ఈ పోట్లు ఎవరు పొడిచారండీ?"

"మా చిట్టియ్యండి. బెల్టు కోసమని..."

"ఇది పోలీసు కేసండి. మీ మొహం చూసి అడ్మిట్ చేసుకుంటున్నాను."

"ఆయ్, మీకు పుణ్యం ఉంటుందండి. ఇరవయ్యారో తారీకున మా అమ్మాయి కాలేజీ డే. ఆ పాట పాడిన అమ్మాయే చీఫ్ గెస్టు. ఆవిడ ముందు మా అమ్మాయి ఆ ముప్పై సెకన్లు వాయించాలి. టీచరుగారి వీణ మీద నేర్చుకుంటోంది. చుట్టాలందరికీ చెప్పేశాను. ఆ రోజుకి వీణ లేకపోతే నేనింక భీమవరంలో తలెత్తుకోలేనండి."

"మందు మన చేతిలో ఉంది. ఆపైన దేవుడి దయ" అన్నారు విజయ్ పాల్ గారు.

మొదటి వారం రాజుగారు వెళ్తే పేషెంటు ఐసీయూలో ఉంది. రెండో వారం కేసు షీటు చూపించారు. కొత్త మైనం పోశారు, మెట్లు నిలబడ్డాయి, బొక్కలు పూడ్చారు, ఫిజియోథెరపీ నడుస్తోంది.

"చెక్కకి ఫిజియోథెరపీ ఏంటండీ?"

"కొత్త చెక్క బిగుసుకుపోయి ఉంటుందండి. రోజూ రెండు గంటలు కదిలిస్తేనే గొంతు వస్తుంది."

"ఎవరు చేస్తారండి?"

"లేడీ డాక్టరుగారండి. పొద్దున్నపూట వస్తారు."

"ఓసారి చూడొచ్చా?"

"గార్డియన్లకి వార్డులోకి ప్రవేశం లేదండి."

ఇరవై నాలుగో తారీకున కూడా "ఇంకా నీరసంగా ఉందండి" అనేసరికి రాజుగారికి అనుమానం పుట్టింది. ఒకళ్ళ సరుకు పట్టుకుని కూర్చున్నవాడు ఊరికే కూర్చోడని రొయ్యల వ్యాపారం ఆయనకి ఎప్పుడో నేర్పింది. ఈమధ్య పెళ్ళి ఫోటోల్లో ప్రతి పెళ్ళికూతురి ఒళ్ళోనూ వీణే. ఈ ముసలాయన తన వీణని ఫోటోగ్రాఫర్లకి అద్దెకి తిప్పుతున్నాడు, సందేహం లేదు! రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలని, మర్నాడు పొద్దున్న పదింటికి, చెప్పులతో సహా షెడ్డులోకి జొరబడ్డారు.

లోపల ఫోటోగ్రాఫరు లేడు, పెళ్ళికూతురూ లేదు. గోనెపట్టా మీద యాభై ఏళ్ళ మనిషి ఒకావిడ కూర్చుని, కళ్ళు మూసుకుని, ఆయన వీణ వాయిస్తోంది. రాజుగారిని చూసి గభాలున లేవబోయింది.

"ఎవరమ్మా నువ్వు?"

"సూరమ్మనండి. రొయ్యల షెడ్డులో ఒలుపు పనండి, మధ్యాహ్నం షిఫ్టు. మీరు తెలుసండి నాకు. మీ చెరువు రొయ్య వస్తుందండి మాకు. తల మాత్రం మహా మొండిదండి."

"నువ్వా లేడీ డాక్టరువి?"

సూరమ్మ విజయ్ పాల్ గారి వైపు చూసింది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఏ పెద్ద డాక్టరుకీ జంకని విజయ్ పాల్ గారు గోడమీది ఫోటో వైపు చూశారు.

"మా రొయ్యల షెడ్డులో పిల్లలు ఫోనులో ఆ పాట పెట్టేవాళ్ళండి" అంది సూరమ్మ. "అందరూ ఆ పిల్ల జుట్టు చూశారు. నేను చప్పుడు విన్నానండి. అది చెవిలోంచి పోలేదు. ఇదేంటో చూద్దామని ఇక్కడికొస్తే, ఈయనగారు కూర్చోబెట్టి సరళీ స్వరాలు చెప్పారండి."

"మరి వేళ్ళు కోసుకుపోవూ?"

"రొయ్య కొమ్ము గుచ్చుకునే వేళ్ళకి తీగ ఒక లెక్కాండి?"

విజయ్ పాల్ గారు గొంతు సవరించుకున్నారు. "ఈవిడకి వీణ లేదండి. మీ వీణకి రోజూ వాయించే మనిషి లేదు. ఇద్దరూ పేషెంట్లే. ఇద్దరికీ ఒకటే మందు రాశాను. దీనికి ముందు ఇంజనీరుగారి వీణకి నీరసం. అంతకుముందు లాయరుగారి వీణకి కామెర్లు."

"వీణకి కామెర్లా?"

"వార్నిషు పచ్చబడిందండి."

రాజుగారికి కోపం రావాలి. వచ్చేదే గాని మధ్యలో నవ్వొచ్చింది. అది కప్పిపుచ్చుకోవడానికి, "ఏదీ, ఆ ముప్పై సెకన్లూ వాయించు చూద్దాం" అన్నారు గట్టిగా.

సూరమ్మ నెమ్మదిగా వాయించింది. ముప్పై సెకన్ల ముక్కకి రెండు నిమిషాలు పట్టింది. ఫోనులో వందసార్లు విన్న పాటే. కాని వీణ ఇలా ఉంటుందని రాజుగారికి ఆ పొద్దునే తెలిసింది. లేచి వెళ్ళి, చెప్పులు బయట విడిచి, మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

అయినా వీణ తీసుకెళ్ళక తప్పలేదు. తెల్లారితే కాలేజీ డే. సూరమ్మ వీణని పైటచెంగుతో తుడిచి, "కారు అద్దాలు దింపి ఉంచండి బాబూ" అంది.

కాలేజీ డే బ్రహ్మాండంగా జరిగింది. శ్రీసత్య బుద్ధిగా కూర్చునే వాయించింది, చీఫ్ గెస్టు కౌగిలించుకుంది, చుట్టాలందరి ఫోన్లలోనూ ఆ వీడియోనే. నెల తిరక్కుండా ఆ సింగరమ్మాయి జుట్టుకి ఆకుపచ్చ రంగేసుకుని కొత్త పాటలో సన్నాయి పట్టింది. "నాన్నా, సన్నాయి ఎక్కడ దొరుకుతుంది?" అంది శ్రీసత్య. రాజుగారు ముందు చిట్టియ్యకి ఫోను చేసి డ్రిల్లింగు మిషను దాచెయ్యమన్నారు. జిల్లా అంతా వీణలు మళ్ళీ అటకల వైపు చూస్తున్నాయి. రాజుగారింట్లో వీణ షోకేసు పక్కన నిలబడింది. అన్నం తింటున్నప్పుడల్లా అది ఆయన కంటికి అడ్డం పడుతోంది.

ఒకరోజు సరిగ్గా నాలుగింటికి, ఏసీ వేసి, వీణకి సీటుబెల్టు పెట్టి, రాజుగారు కాలవ గట్టుకి వచ్చారు.

"డాక్టరుగారూ, దీనికి మళ్ళీ ఒంట్లో బాగోలేదండి."

"ఏమైందండి?"

"మాట్లాడ్డం లేదు."

విజయ్ పాల్ గారు చెవి ఆనించారు, తట్టారు. వీణ శుభ్రంగా ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"దీర్ఘవ్యాధండి. ఎన్నాళ్ళుంచాలో చెప్పలేను."

"తొందరేం లేదండి. డిక్కీలో ఇంకో రెండు కేసులున్నాయి. మా చుట్టాలు అటకెక్కిస్తుంటే ఆపి తెచ్చాను. లేడీ డాక్టరుగారు వస్తున్నారా?"

"ఆవిడతోపాటు రొయ్యల షెడ్డు నుంచి ఇంకో ఇద్దరు డాక్టర్లు కూడా వస్తామంటున్నారండి. పేషెంట్లే చాలక ఆపాను."

రాజుగారు కాసేపు నసిగారు. "అయితే మరి... పొద్దున్నపూట నేనూ రావచ్చాండి?"

"రూలు రూలేనండి. గార్డియన్లకి ప్రవేశం లేదు."

రాజుగారి మొహం వాడిపోయింది. విజయ్ పాల్ గారు ఆయన చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, అర నిమిషం నాడి చూశారు.

"మిమ్మల్ని కూడా అడ్మిట్ చేసుకోవాలండి" అన్నారు.