పాసివ్ వాయిస్‌లో నాయన

మా కాలేజీలో ఇంగ్లీషు మెయిన్ కావాలంటే మొదటి ఏడాది కాంపోజిషన్ పేపరు గట్టెక్కాలి. గట్టెక్కనివాళ్లు వేరే గ్రూపుకు పోవలసిందే. తెలుగు మీడియంలో చదివి, ధారూర్ నుంచి రోజూ రైల్లో వికారాబాద్ వచ్చే నాకు ఆ పేపరంటే వణుకు.

కాంపోజిషన్ చెప్పే సారు ఎవరినీ తిట్టరు. గొంతు కూడా పెంచరు. నలగని చొక్కాతో వచ్చి, రుమాలుతో కుర్చీ తుడుచుకుని కూర్చుంటారు. ఒకసారి 'మరచిపోలేని రోజు' అని వ్యాసం రాయమన్నారు. తక్కినవాళ్లు అక్కల పెళ్లిళ్ల గురించి, అనంతగిరి పిక్నిక్ గురించి రాశారు. నేను నాయన చనిపోయిన రోజు గురించి రాశాను. ఆయన తాండూరు దగ్గర నాపరాయి గనిలో పని చేసేవాడు. నేను ఇంటర్‌లో ఉండగా బండ విరిగి మీద పడింది. ఆ సంగతి తెలుగులో ఎవరికీ చెప్పుకోలేకపోయాను. ఇంగ్లీషులో మాటలు నావి కానట్టుండి ఏడుపు రాలేదు. అందుకే రాయగలిగాను.

తర్వాతి క్లాసులో సారు వచ్చీ రాగానే బోర్డు మీద ఒక వాక్యం రాశారు. 'ది స్టోన్ వాజ్ ఫెల్ ఆన్ మై ఫాదర్.' నాదే.

"ఎవరు రాసిన్రో మనకు అవసరం లేదు" అన్నారు నన్నే చూస్తూ. "దీంట్ల తప్పేంది?"

ఆయన చూపు వెంబడి క్లాసంతా నా వైపు తిరిగింది. నా పక్కన కూర్చునే తాండూరు అమ్మాయి చెయ్యెత్తింది. కాన్వెంటు చదువు.

"వాజ్ తీసెయ్యాలె సార్."

"శభాష్. ఫెల్‌కు పాసివ్ లేదు. క్రష్ అన్న మాట పెట్టి దీన్ని పాసివ్ వాయిస్‌లకు మార్చుదాం."

'మై ఫాదర్ వాజ్ క్రష్డ్ బై ది స్టోన్' అన్నారెవరో. సారు అదీ రాసి, కాసేపు చూసి, చివరి మాటలు తుడిచేశారు. "దేని కింద పడ్డడో ఇంతకు ముందే తెల్సింది. మళ్ల చెప్పుడెందుకు?" రాయి పోయింది. చితికిపోయిన నాయన ఒక్కడే బోర్డు మీద మిగిలాడు.

అంతటితో ఆపలేదు. దాన్నే వర్తమానంలో చెప్పమన్నారు, భవిష్యత్తులో చెప్పమన్నారు. నాయన రోజూ చితుకుతున్నాడు, రేపు కూడా చితుకుతాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నువ్వు లేచి చెప్పమ్మా" అన్నారు సారు.

లేచి, మూడు కాలాల్లోనూ నాయనను చంపి కూర్చున్నాను.

"గుడ్. ఇప్పుడు తప్పుల్లేవు."

మధ్యాహ్నం తాండూరు అమ్మాయి తన పూరీలు సగం నా డబ్బాలో వేసింది. "సింపుల్ మిస్టేకే, ఫికర్ చెయ్యకు. మా డాడీకి గూడ గని ఉంది. గట్ల అప్పుడప్పుడు అయితదంట" అంది. మంచిగానే అంది. నాకు ఆకలిగా ఉంది. తిన్నాను.

సాయంత్రం ఇంటికి పోయేసరికి అమ్మ వాకిట్లో పొరుగు ఆడవాళ్లతో కూర్చుని ఉంది.

"నాయన గురించి రాసిన అన్నవు గద, సారేమన్నడు?"

"అందరితోని చదివిపిచ్చిండు."

అబద్ధం కాదు. అమ్మ మొహం వెలిగిపోయింది. "ఇన్నరా? మా ఆయన గురించి కాలేజంత చదివిన్రంట!" అని వాళ్లందరి వైపు తిరిగి, "జర గా ఇంగ్లీషుల చెప్పు బిడ్డా, అందరం ఇంటం" అంది.

బయటపడే దారి దొరకలేదు. బోర్డు మీది వాక్యమే తప్పుల్లేకుండా చెప్పాను. పక్కింటామె "ఎంత మంచిగుందే!" అంది. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, ఇంకోసారి చెప్పమంది.

ఏడాది చివర పేపరు గట్టెక్కాను. ఇంగ్లీషు మెయిన్ దొరికింది. సారు నన్ను స్టాఫ్‌రూముకు పిలిచి తోటి లెక్చరర్లకు చూపించారు. "తెలుగు మీడియం పిల్ల. ఆ రోజు గట్ల నిలబెట్టకుంటే వచ్చేదా ఇంగ్లీషు?" అన్నారు. వచ్చేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. థాంక్యూ సార్ అన్నాను.

మర్నాడు అమ్మ ఊరుకోక, తాను కూలికి పోయే చేలో ఇచ్చిన కందులు సంచిలో పోసి పంపించింది. సారు సంచి విప్పి, నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని, కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో చూశారు.

"పేరున్న తాండూరు కందేనా ఇది?"

"కాదు సార్, ధారూర్‌ది."

"పర్వాలేదు, పెట్టిపో" అన్నారు.