అంజినప్ప గోడకు ఆ పక్క

పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలుందనగా, వానాకాలం మొదట్లో, బొమ్మనహళ్ళి వైపు రాజకాలువల మీద కట్టుకున్న ఇళ్ళను తొలగించే పనికి నన్ను ప్రత్యేక తహశీల్దారుగా వేశారు. పై చెరువు నిండితే మిగులు నీటిని కింది చెరువుకు చేర్చే పాత కాలువే రాజకాలువ. గ్రామ నక్షాలో అది రెండు బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పు. నేను చూసేనాటికి చాలాచోట్ల ఒక్క అంగలో దాటేయవచ్చు. దాని మీద పదకొండు ఇళ్ళున్నాయని సర్వేయరు నివేదిక ఇచ్చాడు. వానలు బలపడేలోగా నీటికి దారి తెరవాలని నాకు ఉత్తర్వు.

తొందరకు కారణం లేకపోలేదు. అంతకు ముందు ఏడు పల్లపు వీధిలోకి నీళ్ళు వచ్చి, లేచి నడవలేని ఒక పెద్దావిడ మంచం మీదే ప్రాణం విడిచింది. ఆమె కొడుకు ఇమ్రాన్ మదనపల్లె నుంచి వచ్చి గార్మెంట్స్‌లో కటింగ్ మాస్టరుగా ఉండేవాడు. వారానికొకసారి భోజనాల వేళ ఆఫీసుకు వచ్చి, కాలువ ఎప్పుడు తీస్తారని అడిగి వెళ్ళేవాడు. వేరే మాట ఉండేది కాదు. ఒక్కసారి మాత్రం, "నడుము లోతు నీళ్ళలో కాళ్ళీడ్చుకుంటా వస్తి సార్. తలుపు తెరిచేలోపల అయిపోయింది" అన్నాడు.

ఇలాంటి పనికి ఒక పద్ధతి ఉంది. ముందు ప్రతి ఇంటికీ నోటీసు. తరువాత అభ్యంతరాల మీద విచారణ. ఆపైన కారణాలు చూపిస్తూ ఉత్తర్వు. తొలగింపు ఆఖరున. పదిమంది రిజిస్టరు పత్రాలు తెచ్చారు. కాలువ నేల ప్రభుత్వానిది, దాన్ని అమ్మే హక్కు ఎవరికీ లేదని చెబితే, మోసపోయామని తెలిసి ఏడ్చినవాళ్ళు ఏడ్చారు, తిట్టినవాళ్ళు తిట్టారు.

పదకొండోవాడు అంజినప్ప. ఆనేకల్ నుంచి వచ్చిన పట్టు నేతగాడు, అరవై దాటినవాడు. ముందుగదిలో మగ్గం పెట్టుకుని, భార్య గంగమ్మతో కలిసి నేసేవాడు. నాది ముళబాగిలు వైపు ఊరు. అతని మాట మా నాన్న మాటలాగే ఉండేది. పత్రాలు తీయకుండానే అతను చెప్పిందిది:

"కాలువ తియ్యద్దని చెప్పలే సామీ. తియ్యాల్సిందే. ఐతే అది మా గోడకి ఆ పక్కన, ఖాళీ సైట్లో ఉండాది. ఆడ వంకర తిరుగుతాది. ఒకతూరి వచ్చి చూడండి."

మళ్ళీ సర్వే చేయించమని అర్జీ కూడా ఇచ్చాడు. అలా చేయాలంటే పాత సరిహద్దు రాళ్ళు వెతికి, ఇంటివాళ్ళ ఎదుట కొలవాలి. వారం పడుతుంది. సర్వేయరును పిలిచి అడిగాను. అక్కడి రాయి దొరకలేదనీ, అటూ ఇటూ ఉన్న రాళ్ళను కలుపుతూ తిన్నగా గీత గీశాననీ చెప్పాడు. అంటే అంజినప్ప ఇంటి దగ్గర కొలత లేదు, ఊహ ఉంది. ఆ సంగతి నాకు అర్థమైంది. వరండాలో ఇమ్రాన్ నిలబడి ఉన్నాడు. బయట మబ్బు పట్టింది. సార్వజనిక హితం దృష్ట్యా అర్జీని తిరస్కరించడమైనదని ఆఫీసు భాషైన కన్నడంలో ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను. కారణం రాయలేదు.

కూల్చే రోజు అంజినప్ప అడిగింది ఒకటే. మగ్గం మీద చీర సగంలో ఉంది, ఇంకో మూడు రోజులిస్తే దించేస్తానన్నాడు. యంత్రాలు, పోలీసులు అప్పటికే వచ్చి ఉన్నారు. రెండు గంటలిచ్చాను. అతను మగ్గం ముందు కూర్చున్నాడు. తరువాత కత్తెర తీసుకుని పడుగును తానే తెంపాడు. జారిపోతున్న పోగుల్ని గంగమ్మ రెండు చేతులతో పట్టుకుంది. ఇద్దరిలో ఎవరూ నావైపు చూడలేదు.

ఇళ్ళు తీసిన చోట, సర్వేయరు గీత వెంటే కాలువ తవ్వించాను. ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. పల్లపు వీధిలోకి చుక్క నీరు రాలేదు. ఇమ్రాన్ వచ్చి చేతులు జోడించాడు. ఆ రోజు నేను సంతోషించాననే రాయాలి.

ఆనేకల్‌లో తమ్ముడి ఇంట చేరిన అంజినప్ప, ఉచిత న్యాయ సహాయం తీసుకుని కోర్టుకు వెళ్ళాడు. కోర్టు మళ్ళీ కొలిపించింది. దొరకలేదన్న రాయి ఖాళీ సైట్లో మట్టి కింద బయటపడింది. కాలువ అక్కడ వంపు తిరిగింది. అంజినప్ప ఇల్లు, వాకిట్లో మెట్టు తప్ప, మొత్తం దాని బయటే ఉంది. ఈ నివేదిక రావడానికి రెండు నెలల ముందే అతను గుండెపోటుతో చనిపోయాడు.

నేను రిటైరయ్యాక సాక్ష్యానికి పిలిస్తే వెళ్ళాను. భర్త కేసు నడుపుతున్న గంగమ్మ తరఫు సాక్షిగా వచ్చినవాడు ఇమ్రాన్. తల్లి పోయిన రోజు వరద ఖాళీ సైట్లోంచే వచ్చిందనీ, అంజినప్ప గోడ పట్టుకునే తాను ఇల్లు చేరాననీ చెప్పాడు. బయటికి వచ్చాక, ఈ మాట నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"ఎప్పుడు తీస్తారని నేనడిగితిని సార్. నీళ్ళు యాడనుంచి వచ్చెనని మీరు నన్నడగలేదు."

తీర్పులో గంగమ్మకు వేరే స్థలం ఇవ్వమన్నారు. ఆ రోజు కోర్టు బయట మాట్లాడాలని దగ్గరికి వెళ్ళాను. "స్థలం ఇస్తారంటప్పా. మగ్గం ఇద్దరం కూచుంటేనే నడిచేది" అని ఆమే అంది. బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది.

రాజ్యాంగంలో ప్రాణానికి రక్షణ ఇచ్చే ఇరవై ఒకటో అధికరణం ఇమ్రాన్ తల్లిది. చట్టం ఒప్పుకుంటే తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదనే మూడు వందల ఎ అధికరణం అంజినప్పది. ఈ రెండిటిలో ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చిందనీ, కష్టమైనా ఎంచుకున్నాననీ చాలాకాలం అనుకున్నాను. నిజానికి ఆ అవసరమే రాలేదు. కాలువను దాని వంపులోనే తీసి ఉంటే వీధీ మునిగేది కాదు, మగ్గమూ ఆగేది కాదు. అది తెలుసుకోవడానికి వారం రోజుల కొలత చాలు. చట్టం విచారణ పెట్టమన్నది అందుకే. నేను దాన్ని జాప్యం కింద లెక్కగట్టాను. అందరి మేలు కోసం అని రాసే అధికారి, తాను వెళ్ళి చూసినదేమిటో ఆ కింద రాయాలి. రాయడానికి ఏమీ లేకపోతే, అతనికి ఆ కాగితం మీద సంతకం పెట్టే అధికారం లేదు.