చేపపిల్లల జరిమానా

మా మావయ్యగారు శ్రావణ మాసం మొదటి శుక్రవారం పొద్దున్న పోయారు. నేను దీపం పెట్టి వసారాలోకి వచ్చేసరికి కుర్చీలో కూర్చునే ఉన్నారు. చెప్పులు మెట్టు కింద జతగా విడిచి ఉన్నాయి. బాధ పడి ఉండరని డాక్టరు చెప్పాడు.

నాకు రాయడం అలవాటు లేదు. హైస్కూలు దాకా చదువుకున్నాను గాని, పెళ్ళయ్యాక రాసింది రామకోటి ఒక్కటే. ఇప్పుడు కలం పట్టడానికి కారణం ఉంది. పెద్దకర్మ రోజున పుకూర్ కమిటీ వాళ్ళు నాలుగు మాటలు మాట్లాడుతూ, "సొంత అల్లుడికే జరిమానా వేసిన మనిషి" అని ఆయన్ని పొగిడారు. కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆ మాట అబద్ధం కాదు గాని, జరిగినదాంట్లో అది సగమే. ఈ ఇంటి పిల్లలు ఆ సగమే విని పెరుగుతారేమోనని భయం వేసింది.

పుకూర్ అంటే ఈ ఊరి బెంగాలీ మాటలో చెరువు. ఝపటాపూర్‌లో మా వీధి దాటగానే వస్తుంది. మావయ్యగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి దిగిపోయారు. తర్వాత కూడా వర్క్‌షాపు సైరన్ వినిపిస్తే కుర్చీలోంచి లేచి, కాసేపు నిలబడి, మళ్ళీ కూర్చునేవారు. "ఒళ్ళు ఇంకా డ్యూటీ దిగనేదమ్మా" అనేవారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక గాలం తీసుకుని, కండువా కొంగులో మరమరాలు మూటకట్టుకుని చెరువు గట్టుకి వెళ్ళేవారు. మరమరాలు సగం ఆయనకి, సగం చేపలకి. చిన్న చేప పడితే గాలం మెల్లగా విడదీసి, "ఎల్లు, మీ అమ్మ ఎతుకుతాది" అని నీళ్ళలో వదిలేవారు. నేను చేప తినను. ఇంట్లో వాళ్ళ కోసం వండుతాను. నా శనివారాలూ ఏకాదశులూ ఆయనకి గుర్తుండేవి. ఆ రోజుల్లో చేప పడినా ఇంటికి తెచ్చేవారు కారు, పక్కింటికి ఇచ్చి వచ్చేవారు.

ఆ చెరువుని కమిటీ కౌలుకి తీసుకుని చేపలు పెంచుతుంది. మావయ్యగారు దానికి సెక్రటరీ. కౌలు మళ్ళీ రాయించుకునే ఏడు, ఇచ్చే ఆఫీసు వాళ్ళు పాత నియమాలు పనికిరావు, మార్చి తెమ్మన్నారు. నిజంగానే పనికిరావు. జరిమానా ఏనాడో పెట్టినదే ఉండిపోయింది. కొందరు ముందే ఆ కాస్తా సెక్రటరీ చేతిలో పెట్టి, నవ్వుకుంటూ వల దింపేవారు. గుడ్లున్న చేప, వేలెడు పిల్ల అని చూసేవారు కారు. చలికాలంలో వచ్చే బాతుల్ని క్యాటపుల్టుతో కొట్టేవారు.

మావయ్యగారు కొత్త నియమాలు రాసి, నేను బియ్యం ఏరుతూ ఉంటే ఎదురుగా వచ్చి కూర్చున్నారు. "చదువుకున్న పిల్లవి, పైకి చదువమ్మా. నేను రాసింది నా చెవికి ఎలాగుంటాదో సూడాల" అన్నారు. చదివాను. గాలానికి ఫొటోతో కార్డు ఉండాలి. వలకి ఏటేటా లైసెన్సు ఉండాలి, సన్న కన్నుల వల కూడదు. తొలి వాన పడిన రోజు నుంచి చేపలు గుడ్లు పెట్టే కాలమంతా గాలం, వల రెండూ బంద్. తాబేలు చిక్కితే గాలం తెంచైనా వదలాలి. పక్షిని కొడితే కమిటీ మాట్లాడదు, నేరుగా ఫారెస్టు వాళ్ళకి అప్పగిస్తుంది. కార్డు లేనివాడికి గాలం ఎరువిస్తే, ఇచ్చినవాడి కార్డు కూడా ఏడాది రద్దు.

అంతా విని, "ఇందులో నీకు నచ్చనిది ఏటి?" అని అడిగారు. కోడలుగా వచ్చిన ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. గట్టు పక్కన చేత్తో నత్తలూ చిన్న చేపలూ ఏరుకునే ఆడవాళ్ళకి కూడా కార్డు అడుగుతారా అన్నాను. ఆయన కాగితం తీసుకుని, కూరకి సరిపడా చేత్తో పట్టుకునేవారికి కార్డు అక్కర్లేదు అని రాశారు. ఆ నియమం ఇప్పటికీ బోర్డు మీద ఉంది. నా మాట అని ఎవరికీ తెలియదు.

జరిమానా దగ్గర కమిటీలో గొడవ అయింది. అందరూ సొమ్ము పెంచమన్నారు. ఈయన ఒప్పుకోలేదు. "ఉన్నోడు జేబులోంచి తీస్తాడు, నేనోడు పిల్లల కంచంలోంచి తీస్తాడు. రెండూ ఒకటే జరిమానా ఎలాగవుతాది? తీసినోడు తెచ్చి పెట్టాల" అన్నారట. చివరికి అదే నియమం అయింది. తప్పు చేసినవాడు బాంకుడా వైపు రైలుబండెక్కి, చేపపిల్లలు అమ్మే చోటికి స్వయంగా వెళ్ళి, ఒక హండా పిల్లల్ని తెచ్చి చెరువులో వదలాలి.

వినడానికి తేలికగానే ఉంటుంది. ఆ బళ్ళలో అల్యూమినియం హండాలతో వచ్చేవాళ్ళని మేం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం. ఎక్కింది మొదలు దిగేదాకా అరచేత్తో హండాలో నీళ్ళు కొడుతూనే ఉండాలి. చెయ్యి ఆగితే పిల్లలకి గాలి అందదు, తెల్లగా తేలిపోతాయి.

ఆ ఏడు తొలి వాన తొందరగా పడింది. మొదట దొరికింది వలవేసే దాదా. ఇక్కడ దాదా అంటే అన్న. లైసెన్సు ఉన్న మనిషే గాని, బంద్ రోజున వల దింపాడు. బంద్ తీరేదాకా వల కమిటీ గదిలో పెట్టించి, అతన్ని పిల్లల కోసం పంపారు. మర్నాడే వెళ్ళి తెచ్చాడు.

ఆ వారంలోనే జామాయి షష్ఠి వచ్చింది. బెంగాలీ ఇళ్ళలో అల్లుళ్ళని పిలిచి చేపలతో, పళ్ళతో భోజనం పెట్టే రోజది. మా అత్తగారు ఇన్నేళ్ళలో ఆ అలవాటు నేర్చుకున్నారు. మా వదిన, అంటే మావయ్యగారి కూతురు, ఆవిడ భర్త పక్కనే ఉన్న హిజ్లీ నుంచి వచ్చారు. ఆయన రైల్లో టీసీ. నేను అన్నయ్యగారూ అంటాను. మంచి మనిషే, కాస్త హుషారు. నా చేప నేనే పట్టుకొస్తానని, మావయ్యగారు గుడికి వెళ్ళిన వేళ గాలం అడిగారు. అత్తగారు మురిసిపోయి గాలం తీసి ఇచ్చారు. పెద్ద రుయి చేప పడింది.

నేను పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని కోస్తున్నాను. పొట్ట నిండా గుడ్లు. అప్పుడే మావయ్యగారు కాళ్ళు కడుక్కోడానికి వచ్చారు.

"ఎక్కడిదమ్మా ఇది?"

అత్తగారు వంటింటి గుమ్మంలోంచి, "బజారుదే" అన్నారు.

ఆయన వంగి చేప తల చేతిలోకి తీసుకుని చూశారు. "బజారు చేప వలలో పడతాది. దీని పెదవికి గాలం గాటుంది గదా."

"అల్లుడుగారు సరదా పడినారు. ఇప్పుడు ఏటంటారు? జరిమానా వేస్తారా ఏటి?"

"ముందు అన్నం తిననీ. ఆకు ముందు కూకున్న మనిషికి ఆ మాట సెప్పకూడదు" అన్నారు.

అల్లుడుగారు తిన్నారు. మావయ్యగారే పక్కన కూర్చుని, అడిగి అడిగి వడ్డింపించారు. తాంబూలం ఇచ్చాక మెల్లగా చెప్పారు. అన్నయ్యగారు మొదట వేళాకోళం అనుకున్నారు. టిక్కెట్టు లేనివాళ్ళకి రోజూ జరిమానా రాసే నేను, కార్డు లేకుండా దొరికిపోయానా అని నవ్వారు. మావయ్యగారు నవ్వకపోయేసరికి ముఖం మారింది. వదిన ఏడుపు మొదలుపెట్టింది. అల్లుణ్ణి నలుగురిలో నిలబెడితే ఈ గుమ్మం తొక్కనంది.

అప్పటికే వార్త గట్టుకి చేరింది. వలవేసే దాదా మా వాకిట్లోకి వచ్చాడు. గొడవ పడలేదు. "కాకా, జామాయిబాబుకి వేరే కానూన్ ఉందా? ఉంటే ఠీక్ హై. నా వల నాకిచ్చెయ్" అన్నాడు. కాకా అంటే బాబాయి, జామాయిబాబు అంటే అల్లుడుగారు. ఒక పక్క కూతురు ఏడుస్తోంది. ఇంకో పక్క, వల పోగొట్టుకుని ఆ వానాకాలం కూలికి పోతున్న మనిషి.

మావయ్యగారు లోపలికెళ్ళి తన గాలం కార్డు తెచ్చి దాదా చేతిలోనే పెట్టారు. "కమిటీకి ఇచ్చెయ్. నా ఇంట్లోంచి ఎల్లిన గాలం నేనిచ్చినట్టే. ఏడాది నాకూ బంద్. రేపు పిల్లలకి ఇద్దరం ఎల్తాం" అన్నారు.

మర్నాడు ఇద్దరూ వెళ్ళారు. రైల్వే పాసులున్నా టిక్కెట్లు కొన్నారు. ఇది రైల్వే పని కాదు, పాసు మీద ఎక్కకూడదు అని ఈయన పట్టుబట్టారు. సాయంత్రం చెరో హండాతో దిగారు. పిల్లల్ని వదిలారు. అన్నయ్యగారు మంచినీళ్ళు కూడా తాగకుండా హిజ్లీ వెళ్ళిపోయారు.

ఆ తర్వాత పండగలకి వదిన ఒక్కతే వచ్చేది. ప్రతి జామాయి షష్ఠికీ మావయ్యగారు మామిడిపళ్ళ సంచి సైకిలుకి తగిలించుకుని వెళ్ళి, వాళ్ళ గేటు దగ్గర ఇచ్చి వచ్చేవారు. లోపలికి రమ్మని పిలిచారా అని నేను అడగలేదు. ఏడాది గడిచి కార్డు తిరిగి వచ్చేసరికి ఆయన చెయ్యి వణకడం మొదలైంది. గట్టు మీద మరమరాలతో ఊరికే కూర్చునేవారు. ఒకసారి ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు అన్నయ్యగారు వచ్చారు. ఏ బండి ఎంత లేటు అన్న మాటలే ఇద్దరూ మాట్లాడుకున్నారు. అలక తీరిందో లేదో మాకు తెలియలేదు.

ఇక పెద్దకర్మ రోజు. కమిటీ పెద్దాయన ఆ అల్లుడి మాట ఎత్తి, అందరూ నవ్వుతున్నప్పుడు, గేటు దగ్గర అన్నయ్యగారు నిలబడి ఉన్నారు. పొద్దున్నే బాంకుడా బండికి వెళ్ళి వచ్చారట. పక్కనున్న స్టూలు మీద హండా, హండాలో చెయ్యి. నవ్వులు వినిపిస్తున్నాయి, తల వంగిపోతోంది, పక్కకి తప్పుకుందామన్నా వీల్లేదు. చెయ్యి నీళ్ళు కొడుతూనే ఉంది. వదిన జనం మధ్యలోంచి లేచి వెళ్ళి, గాజులు పైకి తోసుకుని, హండాలో తన చెయ్యి పెట్టింది. ఆయన చెయ్యి తీసి తుడుచుకున్నారు. నవ్వులు ఆగిపోయాయి.

సభ అయ్యాక ముగ్గురం చెరువుకి వెళ్ళాం. పిల్లల్ని కుమ్మరించకూడదని మావయ్యగారు చెప్పేవారు. హండా నీళ్ళలో వంచి పట్టుకుంటే అవే దారి చూసుకుంటాయి. అలా వంచి పట్టుకుని, అన్నయ్యగారు ఒక సంగతి చెప్పారు. ఆ రోజు బండిలో ఇద్దరూ తలుపు దగ్గర కింద కూర్చుని నీళ్ళు కొడుతుంటే, అన్నయ్యగారి కింద పనిచేసే కుర్రాడు టిక్కెట్లు చూస్తూ వచ్చి, "సార్, మీరేటి ఇక్కడ?" అన్నాడట. మావయ్యగారే అందుకున్నారట.

"జరిమానా నాది బాబూ. ముసిలోణ్ణి గదా, మా అల్లుడు తోడొచ్చినాడు."

"నియమం తప్పని మనిషి నా కోసం అబద్ధం ఆడినారమ్మా. అది ఇంతమంది ముందు ఎలా చెప్పను? ఆయనకి ముఖం చూపించలేక రానేదు, కోపం వచ్చి కాదు" అన్నారు అన్నయ్యగారు. పిల్లలు ఒకటొకటిగా వెళ్ళాయి.

భోజనాల దగ్గర, లోపలి గదిలోంచి అత్తగారు, "ముందు అల్లుడుగారికి వడ్డించు" అన్నారు. వడ్డించాను.

ఈ కాగితాలు దేవుడి గూట్లో, రామకోటి పుస్తకాల కింద పెడుతున్నాను. నా తర్వాత ఎవరి చేతికి వస్తే వాళ్ళు చదివి, మళ్ళీ అక్కడే పెట్టండి. కమిటీ వాళ్ళకి గాని, హిజ్లీలో గాని చూపించకండి. అన్నయ్యగారు దాచుకున్న మాట ఇది. పెద్దకర్మ రోజు ఆకులో అన్నం కలుపుతున్న ఆయన కుడిచెయ్యి వేళ్ళ చివరల దాకా నీళ్ళకి నాని, తెల్లగా ముడతలు పడి ఉంది.