రైలుపెట్టెలో జపాన్ పాట

ఎనభైల్లో ఓ ఉదయం నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్లే రైల్లో, నా పక్కనున్న అమెరికన్ పెద్దావిడ ఓ జపాన్ పాటను కూనిరాగం తీస్తోంది. అంతకు ఇరవై ఏళ్ల ముందు అక్కడ ఏ రేడియో పెట్టినా అదే పాటట.

"సాయంత్రం మనవరాలి పెళ్లి. నన్నిదే పాడమంది. ఇంతకీ ఇది సంతోషం పాటా, ఏడుపు పాటా?" అని నన్నడిగింది.

నాకేం తెలుసు? ఎదురుగా కూర్చున్న జపాన్ ఆయన్ని అడిగాను. ఆయన నవ్వేశాడు.

"నేను షికాగోలోనే పుట్టానండీ. జపనీస్ రాదు. కాకపోతే ఇదొస్తే మా అమ్మ వాల్యూమ్ పెంచి, కళ్లు తుడుచుకుంటుంది."

పెద్దావిడ ముఖం వాడిపోయింది. నేనూరుకోలేకపోయాను.

"మా గుంటూరులో పెళ్లి బ్యాండువాళ్లు విరహగీతాలైనా హుషారుగా వాయించేస్తారండీ. పెళ్లికొడుకు స్నేహితులు వాటికే డాన్స్ చేస్తారు. అంతమాత్రాన ఏ పెళ్లీ ఆగలేదు. మీరు పాడెయ్యండి!"

ఆవిడ పకపకా నవ్వి, ఈసారి గొంతెత్తి పాడింది. జపాన్ ఆయన గొంతు కలిపాడు. మాటలు రానిచోట నేను తానతందనాలు వేశాను. టికెట్లు చూడడానికొచ్చిన కండక్టర్ కాసేపు విని, చిల్లులు పెట్టే పంచ్‌ని టకటకలాడిస్తూ తాళం అందుకున్నాడు.

మా బ్యాండుకి డప్పు లోటు కూడా తీరిపోయింది.